పెరట్లో చిన్న కొలను: షీటా, ఒరలా, తొట్టా?

నా మొదటి కొలనుకి ఖర్చు దాదాపు ఏమీ కాలేదు. వానకాలంలో ఇసుక మీద కప్పడానికి కొన్న నీలం పట్టా ఇంట్లో పడి ఉంది. గుంత నేనే తవ్వాను. అంచుకి రాళ్ళు వెనక ఖాళీ జాగాలో ఏరుకొచ్చాను. ఆగస్టులో నీళ్ళు నింపితే చూడముచ్చటగా ఉంది, వచ్చినవాళ్ళందరికీ చూపించాను. ఏప్రిల్ వచ్చేసరికి నీళ్ళు జానెడు దిగాయి. ఎండకు బయటపడ్డ పట్టా అంచుని వేళ్ళతో పట్టుకుంటే కాల్చిన అప్పడంలా పెళపెళమని పొడై రాలింది. జూన్‌లో ఎంత వాన పడ్డా రెండు రోజుల్లో నీళ్ళు మాయం. ఎందుకా అని షీటు ఎత్తి చూస్తే అడుగున పందికొక్కు బొక్క, దాని చుట్టూ కొరికేసిన పట్టా ముక్కలు.

రెండోసారి సిమెంటు ఒరలతో, అంటే బావుల్లో దింపే గుండ్రటి రింగులతో కట్టించాను. అది ఇప్పటికీ ఉంది, కలువలు పూస్తూనే ఉంది. అలాగని అందరూ ఒరలే వేయించుకోండి అనను. మా చెల్లెలు వాళ్ళది అమలాపురం వైపు. అక్కడి నేల వేరు, అక్కడ నిలిచేది వేరు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళ లెక్క ఇంకా వేరు. కొలను అనగానే చాలామంది ముందు మోటారు, లైట్లు, ఫౌంటెన్ చూస్తారు. డబ్బు వృథా అయ్యేది అక్కడే. నీళ్ళని పట్టి ఉంచే పాత్ర ఏదన్నది సరిగ్గా తేల్చుకుంటే మిగతావన్నీ తర్వాత నెమ్మదిగా చేర్చుకోవచ్చు. అది తప్పిందంటే మాత్రం మొత్తం మళ్ళీ తవ్వుకోవాల్సిందే.

గునపం దిగితే తెలుస్తుంది

మాది హన్మకొండ శివారు. అడుగు లోతు దాటితే ఎర్ర మొరం, గునపం ఖంగుమంటుంది. ఇలాంటి నేల కొలనుకి చాలా మంచిది. తవ్వడం కష్టమే కానీ, తవ్వాక గోడ కూలదు, కింద నేల కదలదు. ఇక్కడ షీటు వేసినా, ఒరలు దింపినా, ఇటుకతో కట్టినా నిలుస్తుంది.

నల్లరేగడి అలా కాదు. మా మేనమామ వాళ్ళ పెరట్లో ఇటుక తొట్టి కట్టిద్దామని మేస్త్రీని పిలిస్తే, ఆయన నేల మీద నెర్రెలో కాలి బొటనవేలు పెట్టి చూపించాడు. "సార్, ఈ భూమి ఎండకాలం ముడుచుకుంటది, వానకాలం ఉబ్బుతది. మీరు ఎంత సిమెంటు పోసినా గోడ పలుగుతది. కట్టియ్యమంటే కడ్త, నాకేం, మల్ల నన్ను అనొద్దు." ఆ మాట చెప్పి ఒక రోజు కూలీ పోగొట్టుకున్నాడు పాపం. మాకు మాత్రం చాలా డబ్బు మిగిలింది. నల్లరేగడిలో భూమిలోకి ఇటుక కట్టుబడి వద్దు. అడుగు లోతు నల్లమట్టి తీసేసి మొరం గానీ ఇసుక గానీ నింపి దిమ్మిస కొట్టి, దాని మీద నేలకు పైన ఒర గానీ తొట్టి గానీ పెట్టుకోవాలి. నేల కదిలినా పాత్ర మొత్తం ఒకే ముక్కగా కదులుతుంది కాబట్టి పగుళ్ళు పడే అవకాశం తక్కువ. మెత్తటి షీటు కూడా నేలతో పాటు సర్దుకుంటుంది.

ఇక డెల్టా. కోనసీమలో వానకాలం మూడడుగులు తవ్వితే నీళ్ళు వాటంతటవే ఊరతాయి. మా చెల్లెలు వాళ్ళు షీటు వేసి కొలను కట్టారు. శ్రావణంలో కింది నీళ్ళు పైకి తన్నితే షీటు పూరీలా ఉబ్బి పైకి లేచింది, కలువ కుండీలు పక్కకి ఒరిగిపోయాయి. భూగర్భజలం అంత పైన ఉన్నచోట గుంత తవ్వి షీటు వేయడం దండగ. పాత్రని నేల మీదే పెట్టుకోండి. లేదా సొంత స్థలం విశాలంగా ఉంటే షీటు గోల లేకుండా ఊరే నీటినే వాడుకోండి. నెల్లూరు, ప్రకాశం తీరంలో ఇసుక నేలల్లో దొరువులు, అంటే నీళ్ళు ఊరే గుంతలు తవ్వుకునేది ఈ సూత్రం మీదే. కాకపోతే ఎండాకాలం అడుగంటుతుంది, దానికి సిద్ధపడాలి.

షీటు కొలను: పెద్దగా కావాలంటే ఇదే చవక

ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల లోతు కొలను కావాలంటే సిమెంటుతో కట్టడం బడ్జెట్ పని కాదు. ఆ కొలతకి షీటు ఒక్కటే దారి. షీటు ఎంత కొనాలన్నది సులువైన లెక్క. పొడవుకి లోతు రెండుసార్లు కలపండి, అంచుకి రెండు పక్కలా ఒక్కో అడుగు కలపండి. 8 + 4 + 2 అంటే 14 అడుగులు. వెడల్పూ అంతే, 6 + 4 + 2 అంటే 12 అడుగులు. మొత్తం 168 చదరపు అడుగులు. షాపువాడు "పదికి ఎనిమిది సరిపోద్ది సార్" అంటే నమ్మకండి, అతనికి లోతు గుర్తుండదు.

షీట్లలో ఏది అన్నదానికి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. వానకి కప్పుకునే మామూలు నీలం పట్టా, అదే కొన్నిచోట్ల బరకం అంటారే, అది ఒక ఏడాది సరుకు. ఎండ దాన్ని తినేస్తుంది. ఎన్నికలయ్యాక ఊరంతా దొరికే ఫ్లెక్సీలతో కొలను వేద్దామనే ఆలోచన నాకూ వచ్చింది. నీళ్ళు పట్టే షీటుగా అవి పనికిరావు, కానీ అసలు షీటు కింద పరుపుగా బ్రహ్మాండంగా పనికొస్తాయి. పాత గోనెసంచులు కూడా అంతే.

రైతులు ఫారం పాండ్లకి వేసే 500 మైక్రాన్ల హెచ్‌డీపీఈ షీటు గట్టిది, ఎండకు తట్టుకుంటుంది. కానీ బిరుసు. చిన్న కొలను మూలల్లో మడత సరిగ్గా పడదు, బలవంతంగా మడిస్తే ఆ మడతే తర్వాత చిరుగు అవుతుంది. పెద్ద గుంతలకి మంచిది, పెరటి కొలనుకి కాస్త ఇబ్బంది. నేను మళ్ళీ షీటు వేస్తే మాత్రం బయోఫ్లాక్ చేపల ట్యాంకులకి వాడే పీవీసీ పూత ఉన్న మందపాటి షీటే కొంటాను. 550, 650 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు) అని అడిగితే ఇస్తారు. మెత్తగా గుడ్డలా మడత పడుతుంది, కావలసిన కొలతకి వేడితో అతికించి ఇస్తారు. ధర పట్టాకి ఎన్నో రెట్లు. అయినా దాన్ని తీసి మళ్ళీ వేసే పని ఉండదు. బయోఫ్లాక్ మొదలుపెట్టి మానేసినవాళ్ళ దగ్గర ఇనుప మెష్‌తో సహా సెకండ్ హ్యాండ్‌లో దొరికితే, గుంత కూడా తవ్వకుండా నేల మీదే నిలబెట్టుకోవచ్చు. చూపుకి ట్యాంకులా ఉంటుంది, చుట్టూ మొక్కలు పెడితే కప్పుకుపోతుంది.

షీటు కొలను పాడయ్యేది మధ్యలో కాదు, అంచు దగ్గర. నీళ్ళు దిగినప్పుడు ఎండ తగిలే ఆ జానెడు మేరే ముందు చస్తుంది. అంచుని పైకి లాగి, వెనక్కి మడిచి, దాని మీద షాబాద్ బండలో కడప బండలో రెండంగుళాలు లోపలికి వచ్చేలా పరిస్తే షీటు కళ్ళకి కనపడదు, ఎండకీ దొరకదు. తవ్వేటప్పుడు గోడలు నిటారుగా కాకుండా ఏటవాలుగా తవ్వండి. ఒక పక్క అడుగు లోతులో మెట్టు వదిలితే కుండీలు పెట్టుకోవచ్చు. షీటు వేసేముందు చెప్పుల్లేకుండా గుంతలో నడవండి. మీ పాదానికి గుచ్చుకున్న ప్రతి రాయీ షీటుకీ గుచ్చుకుంటుంది. తర్వాత రెండంగుళాల ఇసుక, దాని మీద ఫ్లెక్సీ, ఆపైన షీటు. పందికొక్కులు తిరిగే పెరడైతే ఇసుక కింద కోళ్ళ జాలీ ఒక వరస వేయండి. నేను ఆ పని చేసి ఉంటే ఈ వ్యాసంలో మొదటి పేరా ఉండేది కాదు.

ఇంకో సంగతి ఎవరూ ముందు చెప్పరు. ఆ గుంతలోంచి వచ్చే మట్టి ట్రాక్టర్ ట్రాలీ దాదాపు నిండుతుంది. అది ఎక్కడ పోస్తారో ముందే ఆలోచించుకోండి. నేను గేటు పక్కన పోసి, మూడు నెలలు ఇంట్లోవాళ్ళతో మాట పడ్డాను.

ఒరలు: నా ఓటు వీటికే

బావి ఒరలు, వరలు, సిమెంటు రింగులు. పేరు ఊరిని బట్టి మారుతుంది. కాంపౌండ్ గోడల పలకలు, కిటికీ ఫ్రేములు పోసి అమ్మే యార్డుల్లో దొరుకుతాయి. నాలుగడుగుల వెడల్పు, అడుగు ఎత్తు ఉన్నవి రెండు తీసుకున్నాను. ఒకదాని మీద ఒకటి పెట్టి, పైన మూడంగుళాలు ఖాళీ వదిలితే సుమారు 620 లీటర్ల నీళ్ళు పడతాయి. రెండు కలువలు, గుప్పీల గుంపు, నాలుగు గోల్డ్ ఫిష్‌లకి అది చాలు.

ఒక్కో ఒర సుమారు 150 కిలోలు ఉంటుంది. ఆటోలోంచి దింపడానికి మనుషులు కావాలి. మేం పాత టైరు నేల మీద వేసి దాని మీదకి జారవిడిచాం. నేరుగా దింపితే అంచు పగులుతుంది. కొనేటప్పుడు చేత్తోనో చిన్న రాయితోనో తట్టి చూడండి. ఖణేల్‌మంటే మంచిది. డబ్‌మని బొంగురుగా మోగితే లోపల ఎక్కడో పగులుంది, పక్కన పెట్టండి.

కట్టడం ఇలా జరిగింది. తొమ్మిదంగుళాలు తవ్వి దిమ్మిస కొట్టారు. నాలుగంగుళాల మందాన 1:2:4 కాంక్రీటు (సిమెంటు ఒక పాలు, ఇసుక రెండు, కంకర నాలుగు) పోశారు, మధ్యలో కోళ్ళ జాలీ పరిచారు. కాంక్రీటు పచ్చిగా ఉండగానే మొదటి ఒర దాని మీద కూర్చోబెట్టారు. ఇది చాలా ముఖ్యం. ఎండిన బెడ్డు మీద ఒర పెట్టి తర్వాత సిమెంటు పూస్తే, అక్కడే కారుతుంది. రెండు ఒరల మధ్య అతుకుకి వాటర్‌ప్రూఫింగ్ ద్రవం కలిపిన చిక్కటి మాలు. ఆ ద్రవం బస్తా సిమెంటుకి 200 మిల్లీలీటర్లు వేస్తే సరిపోతుంది, ఎక్కువ పోస్తే ఎక్కువ గట్టిపడుతుందనుకోవడం భ్రమ. అడుగూ గోడా కలిసే మూలని లంబంగా వదలకుండా, గిన్నె అడుగులా వంపు తిప్పించాను. మేస్త్రీకి అది నచ్చలేదు, "పని ఎక్కువైతది" అన్నాడు. తర్వాత ఆయనే ఇంకో ఇంట్లో అలా చేశాడని విన్నాను.

మొత్తం ఒకటిన్నర బస్తా సిమెంటు, ఇసుక, కంకర, మేస్త్రీకీ హెల్పర్‌కీ ఒక రోజు కూలీ, ఒరలు, ఆటో. అన్నీ కలిపి నాకు ఐదారు వేల మధ్యలో తేలింది. మీ ఊళ్ళో కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. పోసేటప్పుడే రెండు పైపులు పెట్టించండి. అడుగున అంగుళంపావు పైపుకి వాల్వు, పైన అంచుకి మూడంగుళాల కింద జాలీ కట్టిన ఓవర్‌ఫ్లో. అడుగు పైపు లేకపోతే ప్రతిసారీ చెంబుతో నీళ్ళు తోడాలి. ఆ మడ్డి నీళ్ళు మా అరటిచెట్టుకి పోతాయి, దాని గెల చూస్తే ఎరువు ఎందుకు కొంటున్నామా అనిపిస్తుంది.

సిమెంటుకి ఒక్కటే తంటా, కొత్తలో సున్నం దిగుతుంది. నీళ్ళు క్షారమై చేపలు చచ్చిపోతాయి. పది రోజులు తడిపి క్యూరింగ్ అయ్యాక నీళ్ళు నింపి, వారం ఉంచి తీసేయండి. అలా రెండు మూడుసార్లు. మా అమ్మ చెప్పినట్టు అరటి బోదె ముక్కలు కోసి అందులో పడేశాను. కొత్త సిమెంటు తొట్టికి ఊళ్ళో చేసే పద్ధతి అదే. బోదె కుళ్ళి, వాసన కొట్టి, నీళ్ళు గోధుమరంగుకి తిరిగాక పారబోసి కడిగితే పని అయిపోయినట్టే. అక్వేరియం షాపులో దొరికే చిన్న పీహెచ్ కిట్టుతో చూసుకుంటే ఇంకా నిశ్చింత. 8.5 లోపు ఉంటే చేపలు వేయొచ్చు. ఈ నెల రోజులు ఆగలేక మూడోరోజే చేపలు తెచ్చి వేసి, మర్నాడు తెల్లారి వెల్లకిలా తేలిన వాటిని ఏరుకున్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

ఒరల్లో ఇంకో లాభం, నేలకి అడుగు పైన నిలబడుతుంది కాబట్టి పాకే పిల్లలు, వాన బురద, రెండూ లోపలికి రావు. చిన్నపిల్లలున్న ఇల్లయితే అదొక్కటే చాలదు. నీటిమట్టానికి కాస్త పైన ఇనుప గ్రిల్ వేయించండి. కలువ ఆకులు దాని కంతల్లోంచి పైకి వచ్చేస్తాయి, గ్రిల్ ఉందని కూడా తెలియదు. రెండేళ్ళ పిల్లాడికి రెండంగుళాల నీళ్ళు చాలు ప్రమాదానికి. ఇందులో బడ్జెట్ లెక్క చూడకండి.

ఇటుకతో కట్టించుకోవడం గురించి రెండే మాటలు. చతురస్రంగా, కూర్చోడానికి గట్టుతో, ఇంటికి మ్యాచ్ అయ్యేలా కావాలంటే తప్ప ఆ జోలికి పోకండి. ఒరల కంటే ఖర్చు చాలా ఎక్కువ. మూలలు నాలుగూ కారడానికి సిద్ధంగా ఉంటాయి.

తవ్వే వీలు లేనివాళ్ళకి

అద్దె ఇల్లు, సిమెంటు చేసిన పెరడు, లేదా అసలు ఇది మనకి కుదురుతుందో లేదో చూద్దామనుకునేవాళ్ళు తొట్టితో మొదలుపెట్టడం తెలివైన పని. ఒరలు అమ్మే చోటే పశువులకి కుడితి పోసే సిమెంటు గోలేలు, గాబులు ఉంటాయి. మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్నదాంట్లో సుమారు 300 లీటర్లు పడతాయి. అడుగు ముందే పోసి ఉంటుంది కాబట్టి మేస్త్రీ పనే లేదు. ఇల్లు మారినప్పుడు కష్టపడైనా తీసుకెళ్ళొచ్చు. ఏ పనీ పెట్టుకోకుండా ఈ వారాంతమే కొలను కావాలంటే ఇదే.

పాత సింటెక్స్ ట్యాంకు అడ్డంగా కోసి రెండు కొలనులు చేయడం చాలా ఇళ్ళల్లో చూస్తుంటాం. పైన మూత దగ్గర కంత ఉంటుంది కాబట్టి నిజానికి ఒక కొలనే, అడుగు భాగం. రంపంతో కోశాక అంచు బ్లేడులా ఉంటుంది. పాత నీళ్ళ పైపుని నిలువునా చీరి ఆ అంచుకి తొడగండి. నేల మీద పెట్టి నీళ్ళు నింపితే గోడలు పొట్టలా ఉబ్బి కోలగా అవుతుంది, ఎందుకంటే పై భాగం పోయాక దానికి బిగువు లేదు. అందుకే మెడ దాకా భూమిలో పాతిపెట్టాలి. ఇంట్లో పాత ట్యాంకు ఊరికే ఉంటే చేయండి, ఇందుకోసం కొత్తది కొనకండి.

మేడ మీద పెట్టుకుంటామనేవాళ్ళకి మాత్రం ఒక హెచ్చరిక. అడుగు లోతు నీళ్ళంటే చదరపు మీటరుకి 300 కిలోల పైన బరువు. మనుషులు తిరిగే డాబాలకి మన దేశపు ప్రమాణాల్లో లెక్కగట్టే అదనపు బరువు చదరపు మీటరుకి సుమారు 150 కిలోలే. ఒరలు, గోలేలు మేడ మీదకి ఎక్కించే మాటే వద్దు. అడుగున్నర వెడల్పు ప్లాస్టిక్ టబ్బులు ఒకటో రెండో, గోడల వారగా, దూలాల మీద వచ్చేలా పెట్టి ఒక్కో తామర వేసుకోండి. అందమూ ఉంటుంది, శ్లాబూ ఉంటుంది.

"దోమల్ని పెంచుతావా?"

కొలను అనగానే మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న అదే. డెంగీ రోజుల్లో ఆ ప్రశ్న న్యాయమైనదే. దోమ గుడ్డు పెట్టిన తర్వాత ఎగిరే దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. మున్సిపాలిటీవాళ్ళు శుక్రవారం డ్రై డే అని తొట్లు ఖాళీ చేయమనేది ఇందుకే. కొలనుని ప్రతి వారం ఖాళీ చేయలేం కాబట్టి ఆ పని చేపలకి అప్పగించాలి. నీళ్ళు వాడకానికి వచ్చిన రోజే పది గుప్పీలు వేయండి. రెండు నెలల్లో అవే వంద అవుతాయి, దోమ పిల్లల్ని ఒక్కటి మిగల్చవు. ప్రభుత్వం వాళ్ళు పంచే గంబూసియా చేపలూ ఈ పని చేస్తాయి. కానీ అవి కప్ప గుడ్లనీ ఇతర చేప పిల్లల్నీ కూడా తినేస్తాయి, ఊరి చెరువులోకి జారితే తిరిగి పట్టలేం. పెరటికి గుప్పీలే మేలు. నిజం చెప్పాలంటే మా ఇంట్లో దోమలు కొలనులో ఎప్పుడూ దొరకలేదు, కూలర్ కింద ట్రేలో దొరికాయి.

కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోవడానికి ఒకటి రెండు రోజులు ఎండలో వదిలాక చేపలు వేయండి. కోయి కార్ప్ చేపల మీద మోజు చాలామందికి ఉంటుంది. అవి రెండడుగులు పెరుగుతాయి, వేల లీటర్ల నీళ్ళు, ఫిల్టరు కావాలి. మనం మాట్లాడుకుంటున్న ఖర్చులో అవి లేవు. ఎవరో సరదాగా కొరమీను పిల్లని తెచ్చిస్తే కూడా వద్దనండి. తెలంగాణ రాష్ట్ర చేప అయితే కావచ్చు కానీ, మిగతా చేపలన్నిటినీ తినేసి ఆఖరికి అదే కొలనులోంచి గెంతి బయటపడుతుంది.

కలువా, తామరా?

బజార్లో రెండింటికీ ఒకే పేరు చెప్పి అమ్ముతుంటారు. ఆకు చూడండి. కలువ ఆకుకి ఒక పక్క చీలిక ఉండి నీళ్ళ మీద పరుచుకుంటుంది. తామరాకుకి చీలిక ఉండదు, నీళ్ళకి పైకి లేచి గొడుగులా నిలబడుతుంది, నీటిబొట్టు దాని మీద అంటకుండా దొర్లుతుంది. చిన్న కొలనుకి, కొత్తవాళ్ళకి కలువ. తామరకి రోజుకి ఐదారు గంటల గట్టి ఎండ కావాలి, దుంప దారి దొరికిన వైపల్లా పాకుతుంది. షీటు కొలనులో నేరుగా నాటితే దాని మొన షీటుని పొడిచే ప్రమాదం ఉంది. కంత లేని వెడల్పాటి టబ్బులో నాటి, ఆ టబ్బునే కొలనులో దించండి. జమ్ము కూడా అంతే, షీటు కొలను దగ్గరకి రానివ్వకండి.

మట్టి మాత్రం చెరువు మట్టి, బంకమట్టి. కోకోపీట్ తేలిపోతుంది, వర్మీకంపోస్టు వేస్తే నీళ్ళు పచ్చబడతాయి. మట్టి మీద రెండంగుళాల మందాన ఇసుక గానీ గులకరాళ్ళు గానీ పరిస్తే చేపలు కెలకవు. గట్టు మీద తడి ఉండే చోట వస, మెట్టతామర, పొన్నగంటి కూర బాగా వస్తాయి. పొన్నగంటి కూర అయితే నెలకి రెండుసార్లు పప్పులోకి కోసుకోవచ్చు. చెరువుల్లో ఊదారంగు పూలు చూసి గుర్రపుడెక్క తెచ్చుకోకండి. పదిహేను రోజుల్లో మీ కొలను కనపడదు.

చోటు విషయంలో వాస్తు గొడవ ఎలాగూ వస్తుంది. నీళ్ళు ఈశాన్యంలో ఉండాలంటారు, మా ఇంట్లో ఆ మూల సంపు ఎప్పుడో ఆక్రమించుకుంది. ఇంటి పెద్దల మాట, ఎండ, రెండూ ఒకేచోట కుదిరితే అదృష్టమే. కుదరకపోతే ఎండ వైపు ఓటేయండి, పూట ఎండ లేకుండా కలువ పూయదు. వేప, మామిడి చెట్ల కింద మాత్రం వద్దు. మాఘ ఫాల్గుణాల్లో వేపాకు రాలినన్ని రోజులూ మీరు జల్లెడ పట్టుకుని కొలను పక్కనే కూర్చోవాలి.

మోటారు అవసరమా?

చేపలు తక్కువ, మొక్కలు ఎక్కువ ఉన్న కొలనుకి మోటారు అక్కర్లేదు. నీళ్ళ పైభాగం సగానికి పైగా ఆకులతో కప్పుకుంటే నాచు దానంతటదే తగ్గుతుంది. మొదటి నెల నీళ్ళు పచ్చగా పెసరకట్టులా తయారవుతాయి. టెన్షన్ పడి అన్నీ పారబోసి మళ్ళీ నింపకండి, నింపిన ప్రతిసారీ ఆ నెల మళ్ళీ మొదటినుంచి లెక్క. ఆగితే తేటబడుతుంది.

నీళ్ళ చప్పుడు కావాలనుకుంటే 18 వాట్ల చిన్న పంపు చాలు. రోజంతా నడిచినా నెలకి 13 యూనిట్లు. కరెంటు బిల్లు కంటే ముఖ్యమైనది ఆ వైరు. నీళ్ళలో కరెంటు పెడుతున్నప్పుడు ఆ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్) లేకుండా ప్లగ్ పెట్టొద్దు. బ్యాటరీ లేని సోలార్ ఫౌంటెన్లు చవకగానే వస్తాయి కానీ మబ్బు పడితే ఆగిపోతాయి, సాయంత్రం మనం కుర్చీ వేసుకుని కూర్చునే వేళకి అసలు పనిచేయవు.

ఎండాకాలం నీళ్ళు

ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకి రోజుకి దాదాపు సెంటీమీటరు నీళ్ళు ఆవిరవుతాయి. నాలుగడుగుల ఒరకి అది 12 లీటర్లు, ఒక బకెట్ లోపే. ఎనిమిదికి ఆరు షీటు కొలనుకి 45 లీటర్లు, మూడు బకెట్లు. ట్యాంకర్ కోసం ఫోన్లు చేసే కాలనీలో ఉంటే ఈ తేడా చూసే కొలత నిర్ణయించుకోండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే చోట రోజూ పోస్తూ పోతే గోడకి తెల్లటి చారలు కడతాయి, నీళ్ళలో లవణాలు పేరుకుంటాయి. వానాకాలం మొదటి వర్షాలకి అడుగు వాల్వు తిప్పి సగం వదిలేసి, డాబా మీంచి వచ్చే శుభ్రమైన వాననీళ్ళతో నింపుకుంటే ఆ ఏడాదికి సరిపోతుంది.

నీళ్ళు ఆవిరవుతున్నాయో, కారుతున్నాయో అనుమానం వస్తే తవ్వి చూడక్కర్లేదు. ఒక బకెట్‌లో నీళ్ళు పోసి కొలను లోపలే ఇటుకల మీద నిలబెట్టండి. బకెట్ లోపలి నీటిమట్టం దగ్గర ఒక గీత, బయట కొలను నీటిమట్టం దగ్గర ఒక గీత. రెండు రోజులయ్యాక చూడండి. రెండు గీతల కిందా నీళ్ళు సమానంగా దిగితే ఎండ తాగినట్టు. బయటి గీత కిందే ఎక్కువ దిగితే ఎక్కడో కారుతోంది. అప్పుడు నింపడం ఆపి వదిలేయండి, నీళ్ళు ఏ మట్టం దగ్గర దిగడం ఆగితే పగులు సరిగ్గా అక్కడే ఉంటుంది. మాకు ఒకసారి రెండు ఒరల అతుకు దగ్గర ఆగింది. చేపల్ని బకెట్‌లోకి తీసి, ఆ మేర ఎండబెట్టి, మాలు గీకి మళ్ళీ పూస్తే ఒక పూట పని.